వర్జీనియాలో ఆంగ్లేయుల తొలి వలస

1607వ సంవత్సరం మే నెల నడుమ మూడు చిన్న ఓడలు ఉత్తర అమెరికా తూర్పు తీరంలోని ఒక పెద్ద నదిలో ఎదురెక్కి, సముద్రానికి సుమారు అరవై కిలోమీటర్ల ఎగువన ఒడ్డు చేరినవి. వాటిలో పెద్దదాని పేరు సూసన్ కాన్‌స్టంట్. మిగిలినవి గాడ్‌స్పీడ్, డిస్కవరీ. అంతకు ముందటి డిసెంబరులో లండను నుండి బయలుదేరిన ఈ ఓడలు కానరీ దీవుల మీదుగా, కరీబియన్ దీవులను చుట్టి వచ్చేసరికి నాలుగు నెలలు దాటినది. దిగినవారు 104 మంది. అందరూ మగవారూ, మగపిల్లలూను. తమ రాజు మొదటి జేమ్స్ పేరును నదికీ, ఊరికీ కూడ పెట్టి, నెలరోజులలో కర్రల దడితో మూడు మూలల కోట నొకదానిని కట్టుకొన్నారు. మరుసటి జనవరి వచ్చేసరికి ఆ 104 మందిలో 38 మంది మాత్రమే ప్రాణాలతో మిగిలినారు.

అమెరికాలో నిలదొక్కుకొన్న మొట్టమొదటి ఆంగ్లేయుల వలస ఈ జేమ్స్‌టౌనే. ఇంతమంది ఎందుకు చనిపోయినారు? ఇంతమంది చనిపోతున్నా ఆ వలస ఎందుకు ఆగిపోలేదు? మొదటి ప్రశ్నకు చాలకాలం వరకు చరిత్రకారులు ఒకే జవాబు చెప్పేవారు: వచ్చినవారు సోమరులు, పనిచేయడం చేతకాని దొరబిడ్డలు అని. అది పూర్తిగా అబద్ధం కాదు గాని, నదినీరు, చెట్లకాండాలు, మట్టిలో దొరికిన ఎముకలు మరికొంత కథ చెప్పుతున్నవి.

సముద్రాంతర వలసలలో ఆంగ్లేయులు ఆలస్యంగా మేలుకొన్నవారు. స్పెయిన్‌వారు మెక్సికోను, పెరూను జయించి, వెండి ఓడలకెత్తుకొని పోతున్న కాలంలో, ఇంగ్లండుకు అట్లాంటిక్ ఆవల సెంటు భూమి లేదు. 1578లో ఎలిజబెత్ రాణి హంఫ్రీ గిల్బర్ట్ అనే ప్రభువుకు వలసలు స్థాపించుకొనుటకు సన్నదు ఇచ్చినది. అతడు 1583లో న్యూఫౌండ్‌లాండు తీరాన జెండా నాటి తిరిగి వస్తూ సముద్రంలో మునిగిపోయినాడు. అతని సవతి తమ్ముడు వాల్టర్ రాలీ ఆ హక్కును తన పేరిట పొందినాడు. పెండ్లిలేని తమ రాణి గౌరవార్థం ఆ తీరానికంతటికీ వర్జీనియా అనే పేరు వచ్చినది.

రాలీ పంపినవారు 1585లో రోనోక్ అనే దీవిలో దిగినారు. అక్కడి జనులతో మొదట స్నేహం, తరువాత తిండిగింజల కోసం బలవంతం, చివరకు వారి నాయకుని హత్య. ఏడాది తిరగకుండానే అందరూ ఇంటికి తిరిగి వచ్చినారు. 1587లో జాన్ వైట్ అనే చిత్రకారుని నాయకత్వాన ఆడవారు, పిల్లలు సహా సుమారు 115 మంది మళ్లీ అక్కడ దిగినారు. వైట్ కూతురు అక్కడనే ఒక ఆడపిల్లను కన్నది. అమెరికాలో పుట్టిన తొలి ఆంగ్ల శిశువు ఆమెయే. సరుకుల కోసం వైట్ ఇంగ్లండుకు పోయినాడు. ఇంతలో 1588లో స్పెయిన్ నౌకాదళం ఇంగ్లండు మీదికి వచ్చినది. ఓడలన్నీ యుద్ధానికి పట్టుబడినవి. అతడు తిరిగి రోనోక్ చేరుకొన్నది 1590లో. ఊరిలో ఒక్క మనిషి లేడు. దడి గుంజ మీద పక్క దీవి పేరు మాత్రం చెక్కి ఉన్నది. ఆ మనుష్యులలో ఒక్కరినైనా ఆంగ్లేయులు మళ్లీ చూడలేదు.

రాలీ సొంత డబ్బు ఈ ప్రయత్నాలలో కరిగిపోయినది. వలస పెట్టడం ఒక మనిషి సంచితో అయ్యే పని కాదని లండను వర్తకులకు అర్థమైనది. నలుగురూ వాటాలు వేసికొని, లాభమైనా నష్టమైనా వాటాల ప్రకారం పంచుకొనే ఉమ్మడి పెట్టుబడి పద్ధతి అప్పటికి వారికి అలవాటే. 1600లో ఏర్పడిన ఈస్టిండియా కంపెనీ అటువంటిదే. 1606 ఏప్రిల్‌లో జేమ్స్ రాజు ఇచ్చిన సన్నదుతో వర్జీనియా కంపెనీ పుట్టినది. అందులో లండను శాఖ, ప్లిమత్ శాఖ అని రెండు. ప్లిమత్ శాఖవారు 1607లో ఉత్తరాన, ఇప్పటి మెయిన్ రాష్ట్ర తీరంలో దిగి, ఒక చలికాలం గడవగానే మూటాముల్లె కట్టుకొని తిరిగి పోయినారు. లండను శాఖవారిదే జేమ్స్‌టౌను.

కంపెనీ పెద్దలు ఓడలతో పాటు వ్రాతపూర్వకంగా సూచనలు పంపినారు. బంగారం వెదకండి, పసిఫిక్ సముద్రానికి దారి వెదకండి, రోనోక్‌లో తప్పిపోయినవారిని వెదకండి అన్నారు. ఊరు కట్టేటప్పుడు పల్లపు నేల, తడి నేల ఎంచుకోవద్దు, అది రోగాలకు నిలయం అని కూడ స్పష్టంగా హెచ్చరించినారు. వచ్చినవారు ఎంచుకొన్నది సరిగ్గా అటువంటి చోటే. మూడు ప్రక్కల నీరు, వెనుక చిత్తడి, మంచినీటి ఊటలు లేవు. మన కృష్ణా, గుంటూరు తీరాలలో పర్ర భూమి అనే దానికి చాల దగ్గరిది. వారికి కనిపించిన సౌకర్యం ఒకటే: ఒడ్డు ప్రక్కనే నది లోతుగా ఉండడం వలన ఓడలను చెట్లకే కట్టవచ్చును, స్పెయిన్‌వారి ఓడలు వస్తే దూరాన్నే చూడవచ్చును. పాస్పహెగ్ తెగవారికి అది వేటాడుకొనే తావు. కాపురముండే తావు కాదు. వారు అక్కడ ఎందుకు ఇండ్లు కట్టుకోలేదని కొత్తవారికి సందేహం రాకపోవడమే విచిత్రం.

జేమ్స్ నదిలో ఆటుపోట్లు చాల దూరం ఎగువ వరకు వస్తవి. వేసవిలో ఎగువనుండి వచ్చే మంచినీరు తగ్గుతుంది. అప్పుడు సముద్రపు ఉప్పునీరు, నది మంచినీరు కలిసే సరిహద్దు సరిగ్గా జేమ్స్‌టౌను వద్దకు వచ్చి నిలుస్తుంది. అక్కడ పడిన మురికి దిగువకు పోదు, పోటుతో కొంత ఎగువకు, పాటుతో కొంత దిగువకు ఊగుతూ అక్కడక్కడే తిరుగుతుంది. కోటలోనివారు త్రాగినది ఆ నీరే. వలసలో ఒకడైన జార్జి పెర్సీ పోటు వేళ ఉప్పగా, పాటు వేళ బురదగా ఉండే ఆ నీటిని గురించి, వాపులతో, రక్తవిరేచనాలతో, మండే జ్వరాలతో పోయినవారిని గురించి వ్రాసిపెట్టినాడు. 1979లో కార్విల్ ఎర్ల్ అనే భూగోళ శాస్త్రజ్ఞుడు ఈ వివరాలనూ, చావుల నెలలనూ నదీలక్షణాలతో పోల్చి చూచి, టైఫాయిడ్, జిగట విరేచనాలు, ఉప్పునీటి విషం కలిసి ఈ మరణాలకు కారణమైనవని వాదించినాడు. ఆ ప్రాంతపు జనులు వేసవి ముందు ఊరు వదలి చిన్న చిన్న జట్లుగా ఊటల దగ్గరకు, వాగుల వెంబడి చెదరిపోయేవారు. అది దేశదిమ్మరితనం అనుకొన్న ఆంగ్లేయులు ఒక్కచోటనే గుంపుగా కూర్చుండి చనిపోయినారు.

దీనికి తోడు అనావృష్టి. ఈ సంగతి బయటపడినది 1998లో. వర్జీనియా దక్షిణాన చిత్తడి నదుల ఒడ్డున ఎనిమిది వందల ఏండ్ల వయసు గల బాల్డ్ సైప్రస్ చెట్లున్నవి. చెట్టు కాండంలో ఏటా ఒక వలయం ఏర్పడుతుంది. వర్షం బాగా కురిసిన యేడు వెడల్పుగా, కురవని యేడు ఇరుకుగా ఉంటుంది. సన్నని గొట్టంతో కాండాన్ని తొలిచి తీసిన పుల్లను చదివితే చెట్టుకు హాని లేకుండానే వానల లెక్క తెలిసిపోతుంది. డేవిడ్ స్టాలే అనే శాస్త్రజ్ఞుడూ, అతని సహచరులూ ఈ విధంగా లెక్క తీయగా, 1587 నుండి 1589 వరకు గల మూడేండ్లు ఎనిమిది వందల ఏండ్లలో అక్కడ వచ్చిన అతి ఘోరమైన మూడేండ్ల కరువు అని తేలినది. అవి రోనోక్ జనం మాయమైన సంవత్సరాలు. ఇక 1606 నుండి 1612 వరకు గల ఏడేండ్లు 770 ఏండ్లలో అతి ఘోరమైన ఏడేండ్ల కరువు. కంపెనీ ఓడలు ఆ కరువు నడుమకు వచ్చి దిగినవి. ఆ సంగతి వారికి తెలియదు. అదే దేశపు వాడుక అనుకొన్నారు.

కరువు ఇంకొక విధంగా కూడ వారి మెడకు చుట్టుకొన్నది. వలసవారు తమ తిండి తాము పండించుకోదలచి రాలేదు. వచ్చినవారిలో సగానికి దగ్గరగా దొరలనిపించుకొన్నవారే. రెండవ విడత ఓడలలో స్వర్ణకారులూ, లోహ పరీక్షకులూ వచ్చినారు. నదిలో మెరిసే మట్టిని ఓడకెత్తి లండనుకు పంపినారు; అది బంగారం కాలేదు. తిండి మాత్రం చుట్టుప్రక్కల తెగల దగ్గర మొక్కజొన్న కొని తినవచ్చునని వారి అంచనా. ఆ తెగల మీద పెత్తనం వహునసెనకా అనే వృద్ధ నాయకునిది. ఆంగ్లేయులు అతనిని పౌహాటన్ అని పిలిచినారు. అతని క్రింద ముప్ఫై తెగలు, పద్నాలుగు పదిహేను వేల జనం. వారికి రాగి అంటే మనకు బంగారం వంటిది. నాయకులు మాత్రమే ధరించేది. మొదట చిన్న రాగి రేకుకు బుట్టెడు మొక్కజొన్న వచ్చేది. ఓడల నావికులు చాటుగా సొంత వ్యాపారం మొదలుపెట్టి రాగిని గుమ్మరించేసరికి దాని విలువ పడిపోయినది. అదే సమయంలో కరువు వలన మొక్కజొన్న తెగలవారికే చాలకుండా పోయినది. ఇక కత్తి చూపి గింజలు తీయడం మొదలైనది. దానిలో ఆరితేరినవాడు జాన్ స్మిత్. పనిచేయనివాడికి తిండి లేదని దొరలచేత కూడ కట్టెలు కొట్టించి కొంతకాలం వలసను నిలబెట్టినవాడు కూడ అతడే. అతని ప్రాణాన్ని పౌహాటన్ కూతురు పోకహాంటస్ కాపాడినదనే కథ జగత్ప్రసిద్ధం. కాని స్మిత్ ఆ కథను విపులంగా అచ్చువేసినది 1624లో, అప్పటికి ఆమె గాని ఆమె తండ్రి గాని జీవించి లేరు. చరిత్రకారులలో పలువురు దానిని నమ్మరు.

1608 చివరన కంపెనీ ఆజ్ఞ ప్రకారం పౌహాటన్‌కు కిరీటం పెట్టే ఉత్సవం జరిగినది. రాగి కిరీటం, ఎర్రని అంగీ, మంచము, నీళ్ల పళ్లెము తెచ్చినారు. కిరీటం పెట్టించుకోవాలంటే మోకరిల్లాలి. జేమ్స్ రాజుకు సామంతుడైనట్లు గుర్తు అది. ముసలి నాయకుడు ఎంత చెప్పినా వంగలేదు. చివరకు భుజాల మీద చేతులు వేసి కొంచెం నొక్కి, కొంచెం వంగినప్పుడు కిరీటం తలపై పెట్టివేసినారు. బదులుగా అతడు తన పాత చెప్పులూ, పాత శాలువా ఓడ కెప్టెనుకు బహూకరించినాడు.

1609లో కంపెనీ వాటాలు విరివిగా అమ్మి తొమ్మిది ఓడలలో సుమారు ఐదు వందల మందిని పంపినది. తుపానులో చిక్కి, అధికారులందరూ ఉన్న సీ వెంచర్ అనే ప్రధాన నౌక బెర్ముడా దీవుల రాళ్లకు తగులుకొన్నది. అందులోని నూట యాభై మందీ బ్రతికి బయటపడినారు. షేక్‌స్పియరు టెంపెస్ట్ నాటకానికి ఈ వార్తలే మూలమని పండితుల విశ్వాసం. మిగిలిన ఓడలు తిండి తడిసిపోయి, జనం జబ్బుపడి జేమ్స్‌టౌను చేరినవి. ఆ శరత్కాలంలో తుపాకిమందు అంటుకొని కాలిన స్మిత్ ఇంగ్లండు వెళ్లిపోయినాడు. పౌహాటన్ కోటను చుట్టుముట్టి గింజ లోపలికి పోనీయలేదు. 1609–10 చలికాలానికి చరిత్రలో ఆకలి కాలం అని పేరు. గుర్రాలను తిన్నారు, తరువాత కుక్కలు, పిల్లులు, ఎలుకలు, పాములు, తరువాత చెప్పుల తోలు. తరువాత సమాధులను త్రవ్వినారని పెర్సీ వ్రాసినాడు. కోటలో చిక్కిన సుమారు మూడు వందల మందిలో మే నెలకు మిగిలినవారు అరవై. ఇంతకన్న బాధాకరమైన విషయం ఒకటున్నది. నది మొగలోని చిన్న కోటలో వారి మనుషులే కొందరు పీతలు పట్టుకొని హాయిగా తింటూ, మిగిలిన పీతలను పందులకు వేసినారు. జేమ్స్‌టౌనుకు కబురు పంపలేదు. పెర్సీకి ఆ సంగతి వసంతకాలంలో గాని తెలియలేదు.

బెర్ముడాలో చిక్కినవారు అక్కడి దేవదారు కలపతో రెండు ఓడలు కట్టుకొని 1610 మే నెలలో వచ్చి చూచినారు. కోట తలుపులు ఊడి ఉన్నవి, మనుషులు అస్థిపంజరాలు. గవర్నరు థామస్ గేట్స్ లెక్క చూచి, తిండి కొద్దిరోజులకే వస్తుందని, ఊరు వదలడమే మేలని నిశ్చయించినాడు. జూన్ 7న అందరూ ఓడలెక్కినారు. మరునాడే నదిలో ఎదురుగా పడవ వచ్చినది. కొత్త గవర్నరు డి లా వేర్ ప్రభువు నూట యాభై మందితో, ఏడాది తిండితో నది మొగలో ఉన్నాడని కబురు. తిరిగి పోయినారు. ఆ పడవ రెండు రోజులు ఆలస్యమైతే వర్జీనియా కథ రోనోక్ కథే అయి ఉండేది.

తిరిగి వచ్చిన వలస సైనిక శాసనం క్రింద నడిచినది. దొంగతనానికి, పారిపోవడానికి మరణశిక్ష. అదే ఆగస్టులో పెర్సీ నాయకత్వాన పాస్పహెగ్ తెగ ఊరిని కాల్చివేసి, నాయకుని భార్యనూ బిడ్డలనూ పట్టుకొని చంపినారు. నాలుగేండ్లు ఈ యుద్ధం సాగినది. తిండి మెరుగుపడినది గాని వాటాదారులకు ఒక్క పెన్నీ లాభం లేదు. గాజు, తారు, పట్టు, ద్రాక్షసారా, ఇనుము, ఏది తలపెట్టినా కలిసిరాలేదు.

కలిసివచ్చినది ఒక విత్తనం. ఆ ప్రాంతపు జనులు పండించే పొగాకు నికోషియానా రస్టికా అనే జాతిది. ఘాటు ఎక్కువ, లండనులో కొనేవారు లేరు. స్పెయిన్‌వారు కరీబియన్ ప్రాంతంలో పండించే నికోషియానా టబాకమ్ కమ్మగా ఉండేది. బెర్ముడా నుండి బయటపడివచ్చినవారిలో జాన్ రోల్ఫ్ అనే అతడు ఆ విత్తనాన్ని ఏదో విధంగా సంపాదించి 1612లో నాటి చూచినాడు. 1614లో మొదటి సరుకు లండనుకు పోయినది. అదే ఏప్రిల్‌లో, ముందటి ఏడు ఆంగ్లేయులు అపహరించి బందీగా ఉంచిన పోకహాంటస్‌ను రోల్ఫ్ పెండ్లాడినాడు, కొన్నేండ్లు శాంతి నెలకొన్నది. ఆమె 1617లో ఇంగ్లండులో, తిరుగు ప్రయాణం మొదలైన చోటనే, ఇరవై ఏండ్ల ప్రాయంలో మరణించినది. పొగాకు మీద అసహ్యంతో 1604లోనే ఒక గ్రంథం అచ్చువేయించిన జేమ్స్ రాజుకు తన పేరు పెట్టుకొన్న ఊరు పొగాకు మీద బ్రతకడం ఇష్టం లేకపోయినా, సుంకం మాత్రం ఇష్టమైనది. 1617లో ఎగుమతి 20,000 పౌన్లు. 1630ల చివరకు పది లక్షలు దాటినది. 1617లో ఒక గవర్నరు వచ్చి చూడగా జేమ్స్‌టౌను సంతవీధిలోను, దారులలోను కూడ పొగాకు మొక్కలే ఉన్నవి. ప్రతివాడూ రెండెకరాల మొక్కజొన్న వేయవలెనని శాసనం పెట్టవలసి వచ్చినది. గుంటూరు, ఒంగోలు ప్రాంతాలలో 1920ల నుండి రైతులు బ్యారన్లలో క్యూరింగు చేస్తూ వచ్చిన ఆకుకు వర్జీనియా పొగాకు అనే పేరు ఈ వలస నుండి వచ్చినదే.

పొగాకు నేలను త్వరగా పీల్చివేస్తుంది. మూడు నాలుగు పంటలు తీయగానే కొత్త నేల కావలె. నారు పోయడం, నాటడం, తల త్రుంచడం, పురుగు ఏరడం, ఆకు కోసి ఆరవేయడం, అన్నిటికీ చేతులు కావలె. భూమి, చేతులు అనే ఈ రెండు అవసరాలు అప్పటినుండి వలస చరిత్రను నడిపినవి. 1618లో కంపెనీ కొత్త పద్ధతి పెట్టినది: ఎవరు ఒక మనిషి ఓడ ఖర్చు భరించి తెచ్చినా, తలకు 50 ఎకరాలు ఇస్తారు. తెచ్చినవానికి భూమి, వచ్చినవాడు మాత్రం ఆ ఖర్చు తీరేవరకు నాలుగు నుండి ఏడేండ్లు జీతం లేని చాకిరి చేయవలె. ఇంగ్లండులో పని దొరకని పల్లెటూరి యువకులు ఈ ఒడంబడిక వ్రాసి ఓడలెక్కినారు. గడువు తీరే వరకు బ్రతికినవాడు అదృష్టవంతుడు. 1619 నుండి మూడేండ్లలో మూడున్నర వేల మందికి పైగా వచ్చినారు. 1622 మార్చిలో అక్కడ ఉన్న మొత్తం జనం 1,240. కుటుంబాలు ఏర్పడాలని కంపెనీ పెండ్లికాని ఆడపిల్లలను ఓడలలో పంపి, పెండ్లాడినవాని వద్ద ఒక్కొక్కరికి 120 పౌన్ల పొగాకుకు తక్కువ కాకుండా ఖర్చు వసూలు చేసినది.

1619 వర్జీనియాకు రెండు విధాల గుర్తుంచుకోదగిన సంవత్సరం. జులై 30న జేమ్స్‌టౌను చర్చిలో ఊళ్ల ప్రతినిధుల సభ కూడినది. ఆంగ్ల అమెరికాలో ఎన్నికైన తొలి శాసనసభ అది. నాలుగు వారాలు గడచినవి. వైట్ లయన్ అనే దోపిడీ ఓడ ఇరవై చిల్లర ఆఫ్రికన్లను తెచ్చి తిండిగింజలకు మారకం వేసినది. అంగోలా నుండి మెక్సికోకు పోతున్న పోర్చుగీసు ఓడ మీద పడి దోచుకొన్న మనుషులు వారు. మొదటి రోజులలో బానిసత్వానికి చట్టం లేదు. ఒకరిద్దరు ఆఫ్రికన్లు స్వేచ్ఛ పొంది భూములు కూడ సంపాదించినారు. చట్టం మెల్లగా వచ్చినది. 1640లో ముగ్గురు పనివారు పారిపోయి పట్టుబడినారు. ఇద్దరు ఐరోపావారికి చాకిరి గడువు కొన్ని ఏండ్లు పెంచినారు. మూడవవాడు జాన్ పంచ్ అనే నల్లవాడు. అతనికి జీవితాంతం చాకిరి. నేరం ఒక్కటే. 1662లో బిడ్డ బానిసయో స్వతంత్రుడో తల్లిని బట్టి నిర్ణయమగునని శాసనం చేసినారు. బానిస స్త్రీ బిడ్డకు తండ్రి యజమాని అయినా ఆ బిడ్డ బానిసే.

భూమి పోగొట్టుకొంటున్నవారు ఊరకుండలేదు. పౌహాటన్ తరువాత పెద్దరికం వహించిన ఒపెచాంకనో 1622 మార్చి 22 ఉదయం నది పొడుగునా ఉన్న వలస ఊళ్ల మీద ఒక్కసారిగా విరుచుకుపడినాడు. 347 మంది ఆంగ్లేయులు చనిపోయినారు. ప్రతీకారంగా వలసవారు పంటలు కోతకు వచ్చేవరకు ఆగి కాల్చివేసేవారు. 1623లో సంధి మాటల పేర పిలిచి విషం కలిపిన సారా త్రాగించినారు. ఆ సంగతి విని లండనులోనే కొందరు సిగ్గుపడినారు. కంపెనీ దివాలా తీసినది. 1624లో రాజు సన్నదు రద్దుచేసి వర్జీనియాను తన ఏలుబడిలోనికి తీసికొన్నాడు. పెట్టుబడి పెట్టినవారికి ఏమీ దక్కలేదు గాని, వలస నిలిచినది.

తక్కిన వలసలు త్వరత్వరగా లేచినవి. 1620లో మేఫ్లవర్ ఓడలో 102 మంది ప్లిమత్‌లో దిగి, తొలి చలికాలంలో సగం మందిని పోగొట్టుకొన్నారు. వారు దిగిన ఊరు అంతకు మూడు నాలుగేండ్ల ముందు ఐరోపా ఓడల నుండి వచ్చిన అంటురోగంతో ఖాళీ అయిన ఊరు. ఆ ఊరివాడే, అపహరణకు గురై ఇంగ్లండు చూచి వచ్చిన టిస్క్వాంటమ్, వారికి చేపను ఎరువుగా వేసి మొక్కజొన్న నాటడం నేర్పినాడు. 1630 నుండి పదేండ్లలో మసాచుసెట్స్‌కు ఇరవై వేల మంది వచ్చినారు. వారు కుటుంబాలతో వచ్చినారు; చలి ఎక్కువే గాని నీరు మంచిది; పిల్లలు బ్రతికినారు. వర్జీనియాలో ఓడలు తెచ్చిన జనంతో సంఖ్య నిలబడితే, అక్కడ ఊయలలతో పెరిగినది. 1627లో స్థాపించిన బార్బడోస్ దీవి 1640లలో చెరకు వైపు మళ్లినది. ఒక తరం తిరగకుండా అక్కడ బానిసల సంఖ్య ఆంగ్లేయుల సంఖ్యను మించిపోయినది. లాభాల లెక్కలో ఈ చిన్న దీవి ముందు ఖండంలోని వలసలు చాలకాలం వెలవెలబోయినవి.

జేమ్స్‌టౌను ఆకలి నుండి తేరుకొంటున్న ఆ 1611 సంవత్సరంలోనే ఈస్టిండియా కంపెనీ వారి గ్లోబ్ ఓడ మచిలీపట్నం రేవుకు వచ్చినది. అప్పుడు వర్జీనియా కంపెనీకీ, ఈస్టిండియా కంపెనీకీ పెద్ద ఒక్కడే, సర్ థామస్ స్మైత్. డబ్బు పెట్టినవారిలోను చాలమంది ఉభయులకూ చెందినవారే. అయినా రెండు తీరాలలో నడవడి వేరు. మచిలీపట్నంలో గోల్కొండ సుల్తాను అధికారులకు కానుకలిచ్చి, సుంకం ఒప్పుకొని, అద్దకం బట్టలు కొనుక్కొనుటకు అనుమతి అడిగినారు. భూమి అడగలేదు, అడిగినా ఇచ్చేవారు లేరు. నేల నిండా రైతులు, రేవు నిండా వర్తకులు, పైన సైన్యం గల ప్రభుత్వం ఉన్నచోట గిడ్డంగి కట్టడమే లాభం. రోగాలతో జనం పలచబడిన తీరాన, కొనడానికి సరుకు లేనిచోట, నేలనే సరుకు చేసికొన్నారు. ఈ రెండు దారులు ఒక మనిషి జీవితంలో చిత్రంగా కలిసినవి. 1649లో మసాచుసెట్స్ వలసలోని బోస్టనులో పుట్టిన ఎలీహు యేల్, 1687 నుండి 1692 వరకు చెన్నపట్నం కోటకు గవర్నరు. అతడు 1718లో పంపిన సరుకులు అమ్మగా వచ్చిన 562 పౌన్లతో కనెక్టికట్ వలసలోని కళాశాలకు భవనం లేచినది. ఆ కళాశాలకు అతని పేరే పెట్టినారు.

జేమ్స్‌టౌను మాత్రం ఊరుగా ఎక్కువ కాలం నిలువలేదు. 1676 తిరుగుబాటులో కాలినది. 1699లో రాజధాని ఎగువ భూమికి, విలియమ్స్‌బర్గ్‌కు మారినది. కోట ఉన్నచోటు నది కోతలో కొట్టుకొనిపోయినదని రెండు వందల ఏండ్లు అందరూ నమ్మినారు. 1994లో విలియమ్ కెల్సో అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు అక్కడ త్రవ్వకాలు మొదలుపెట్టినాడు. కుళ్లిన గుంజలు మట్టిలో వదలిన నల్లని మచ్చలు వరుసగా కనిపించినవి. మూడు మూలల దడి అది. ఒక మూల తప్ప కోట అంతా ఒడ్డునే ఉన్నది. 2012లో ఒక నేలమాళిగను పూడ్చిన చెత్తలో, గుర్రం ఎముకల, కుక్క ఎముకల నడుమ, పద్నాలుగేండ్ల ఆంగ్ల బాలిక పుర్రె, కాలి ఎముక దొరికినవి. నుదుటి మీద నాలుగు తడబడిన గొడ్డలి గాట్లు, దవడ ఎముక పొడుగునా కత్తి గీతలు ఉన్నవి. గాట్లు పడేనాటికి ఆమె మరణించి ఉన్నదని స్మిత్‌సోనియన్ సంస్థవారు 2013లో ప్రకటించినారు. పెర్సీ వ్రాసినదానిని వంద రకాలుగా శంకించినవారు అప్పుడు మౌనం వహించినారు.

నది ఇప్పుడు తిరిగి ఎక్కుతున్నది. సముద్రమట్టం పెరగడం, ఆ తీరపు నేల మెల్లగా కుంగడం కలిసి, త్రవ్వకాల చోటులోనికి పోటునీరు వస్తున్నది. 2022లో అమెరికాలో ప్రమాదంలో ఉన్న చారిత్రక స్థలాల పట్టికలో జేమ్స్‌టౌనును చేర్చినారు. అక్కడికి ఉత్తరాన మరి రెండు నదుల ఒడ్డున పమంకీ, మట్టపొనై తెగలవారు, పౌహాటన్ ప్రజల సంతతి, తమకు మిగిలిన కొద్దిపాటి నేల మీద ఉన్నారు. 1646, 1677 సంవత్సరాల ఒడంబడికల ప్రకారం వారు ఏటా గవర్నరుకు కప్పం చెల్లించవలె. ఇప్పటికీ ప్రతి నవంబరులో తెగ నాయకులు వేటాడిన జింకను మోసుకొని వచ్చి, వర్జీనియా గవర్నరు ఇంటి మెట్ల మీద పెట్టి పోతారు.